సైగను కాగితం మీద పెట్టడం: సైన్‌రైటింగ్ నేర్చుకునే దారి

బధిరుల సంజ్ఞా భాషలోని ‘నమస్తే’ సైగను కాగితం మీద రాసి చూపించమంటే చాలామంది ‘నమస్తే’ అని తెలుగు అక్షరాల్లో రాసేస్తారు. అది సైగ పేరు. అందులో చేతులు ఎక్కడున్నాయి, అరచేతులు ఎటు తిరిగాయి, ఒకదానికొకటి తగిలాయా లేదా అనే సంగతి ఎక్కడా లేదు. ఆ సైగ ఎప్పుడూ చూడని మనిషి మీ కాగితం చూసి దాన్ని చేయగలిగితేనే మీరు సైగను రాసినట్టు. ఈ పరీక్షను దగ్గర పెట్టుకుని కింద చెప్పినవి చదవండి. ప్రతి మెట్టులోనూ ఇదే అవసరం పడుతుంది.

ఏ పద్ధతి పట్టుకోవాలి

వాడుకలో ఉన్నవి ముఖ్యంగా నాలుగు.

మొదటిది గ్లాస్. సైగకు బదులు దాని అర్థం చెప్పే మాటను వరుసగా పేర్చడం. ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో రాస్తారు. తెలుగులో పెద్ద, చిన్న అక్షరాల తేడా లేదు కాబట్టి చదరపు బ్రాకెట్లలో పెట్టుకోవచ్చు: [నేను] [బడి] [వెళ్లు]. క్లాసులో నోట్సుకు, వీడియో కింద చీటీకి ఇది బాగానే పనికొస్తుంది. కానీ ఒకే అర్థానికి రెండు ఊళ్లలో రెండు సైగలుంటే గ్లాసులో ఆ తేడా మాయమైపోతుంది. సైగల వరుస తెలుస్తుంది, సైగ తెలియదు.

రెండోది స్టోకీ గుర్తులు. అమెరికాలో బధిరుల ఉన్నత విద్యాసంస్థ అయిన గల్లాడెట్‌లో పనిచేసిన విలియం స్టోకీ 1960లో వీటిని ప్రకటించాడు. చోటుకు 12, చేతి ఆకారానికి 19, కదలికకు 24, మొత్తం 55 గుర్తులు. సైగలకూ మాటల్లాగే విడి భాగాలుంటాయని చూపించిన పని ఇది. 1965లో ఇదే పద్ధతిలో అమెరికన్ సంజ్ఞా భాష నిఘంటువు వచ్చింది. దీనిలో ముఖ కవళికలకు చోటు లేదు కాబట్టి వాక్యాలు రాయడానికి సరిపోదు. చరిత్ర కోసం ఒక పూట చదివితే చాలు.

మూడోది హామ్‌నోసిస్. హాంబర్గ్ విశ్వవిద్యాలయంలో 1984లో మొదలైంది. దాదాపు 200 గుర్తులు, ఎడమ నుంచి కుడికి ఒకే వరుసలో రాస్తారు. నాలుగోది సైన్‌రైటింగ్. నాట్యాన్ని రాసే పద్ధతి తయారుచేసిన వాలెరీ సటన్, డెన్మార్క్ పరిశోధకులు అడగడంతో, 1974లో దాన్ని సైగలకు మలిచింది. ఇందులో సైగ బొమ్మలా కనిపిస్తుంది: తల ఉన్నచోట తల, చేయి ఉన్నచోట చేయి.

పరిశోధన చేసేవారు, కంప్యూటర్ బొమ్మ చేత సైగలు చేయించాలనుకునేవారు హామ్‌నోసిస్ నేర్చుకోవాలి. ఉత్తరం, కథ, పాఠం రాయాలనుకునేవారికి, బడిలో పిల్లలకు నేర్పేవారికి సైన్‌రైటింగే సరి. రెండూ ఒకేసారి మొదలుపెడితే రెండూ కలిసిపోతాయి. ఇక్కడ ఎక్కువ భాగం సైన్‌రైటింగ్ గురించే.

ముందు కావలసినవి

గళ్ల నోటుపుస్తకం ఒకటి. ఒక్కో సైగకు నాలుగు గళ్ల వెడల్పు, ఐదారు గళ్ల ఎత్తు వదలండి. మెత్తని పెన్సిల్, రబ్బరు. కుడి మణికట్టుకు కట్టుకోవడానికి ఒక దారమో రబ్బరు బ్యాండో.

ఆ దారం ఎందుకంటే ఫోన్ వల్ల. సెల్ఫీ కెమెరా తెర మీద మనల్ని అద్దంలో చూపినట్టు చూపిస్తుంది. తీరా సేవ్ అయిన వీడియో కొన్ని ఫోన్లలో తిరగబడి ఉంటుంది, కొన్నిట్లో ఉండదు. ఆ వీడియో చూసి రాస్తే కుడి చేయి ఎడమ అవుతుంది. దారం కనిపిస్తే ఏది కుడో వెంటనే తెలుస్తుంది. వీలైతే వెనక కెమెరాతోనే తీయించుకోండి.

అద్దం పక్కన పెట్టేయండి. సైన్‌రైటింగ్ సైగ చేసేవారి కళ్లతో రాసేది. మీ చేయి మీకు ఎలా కనిపిస్తుందో అలా రాయాలి. అవతలివారి చేయి చూసి రాయాల్సి వస్తే ముందు ఆ సైగను మీరు చేసి, మీ చేయి చూసుకుని రాయండి. ఈ ఒక్క అడుగు దాటేస్తే అరచేయి కాస్తా చేతి వెనకభాగమవుతుంది, కుడి ఎడమవుతుంది.

చేతి ఆకారం

మూడు మూల ఆకారాలున్నాయి. పిడికిలి బిగిస్తే చదరం. వేళ్ల కొనలు బొటనవేలిని తాకి మధ్యలో ఖాళీ ఉంటే వృత్తం. వేళ్లన్నీ కలిపి చాపితే పైన కొన ఉన్న ఐదు భుజాల పలక. చాచిన ప్రతి వేలూ ఆ మూలానికి ఒక గీత. పిడికిలిలోంచి చూపుడువేలు ఒక్కటే లేస్తే చదరం మీద ఒక గీత. ఐదు వేళ్లూ విడదీసి చాపితే అరచేతి నుంచి ఐదు గీతలు.

కూచిపూడి నేర్చుకున్నవారికి ఇక్కడ కొంత సులువు. ముష్టి, శిఖరం, సూచి, త్రిశూలం లాంటి హస్తాల పేర్లు ఆకారాన్ని గుర్తుపెట్టుకోవడానికి పనికొస్తాయి: ముష్టి అంటే చదరం, శిఖరం అంటే చదరానికి బొటనవేలి గీత, సూచి అంటే చదరానికి చూపుడువేలి గీత. అయితే హస్తాల వినియోగాలను, అంటే అర్థాలను, ఇక్కడికి మోసుకురాకండి. సంజ్ఞా భాషలో ఆ చేతి ఆకారానికి నాట్యశాస్త్రంతో సంబంధం లేదు.

2010 నాటి గుర్తుల జాబితాలో మొత్తం 652 మూల గుర్తులున్నాయి, అందులో చేతి ఆకారాలే 261. చూసి బెదిరిపోనక్కర్లేదు. మొదటి నెలకు పదీ పన్నెండూ చాలు. మిగతావి అవసరం పడినప్పుడు వెతుక్కోవచ్చు.

అరచేయి ఎటు

నేర్చుకునేవారు ఎక్కువగా పడిపోయేది ఇక్కడే, అందుకే కొంచెం ఆగుదాం.

మీ అరచేయి మీకు కనిపిస్తుంటే గుర్తు లోపల తెలుపు. చేతి వెనకభాగం కనిపిస్తుంటే నలుపు. చేయి పక్కవాటుగా ఉండి అంచు కనిపిస్తుంటే సగం తెలుపు, సగం నలుపు. తెల్ల సగం అరచేయి ఉన్నవైపుకే ఉండాలి.

రెండో ప్రశ్న: చేయి ఎదురుగా ఉన్న గోడకు సమాంతరంగా నిలబడి ఉందా, నేలకు సమాంతరంగా పడుకుని ఉందా? గోడకైతే గుర్తు విరగకుండా ఉంటుంది. నేలకైతే వేలి మొదటి కణుపు (వేలు అరచేతితో కలిసేచోటు) దగ్గర చిన్న ఖాళీ వదులుతారు. నేలకు సమాంతరంగా ఉన్న చేతిని పైనుంచి చూస్తున్నట్టు రాయాలి. వేళ్లు ముందుకు చాచి ఉంటే గుర్తు కొన కాగితం మీద పైకి ఉంటుంది. పైకి ఎత్తిన చేతికీ అదే కొన పైకి ఉంటుంది. రెంటికీ తేడా ఆ చిన్న ఖాళీ ఒక్కటే. ఖాళీ మరిచిపోతే ముందుకు చాచిన చేయి కాస్తా ఆకాశానికి లేస్తుంది.

తెలుపు, సగం, నలుపు మూడు. గోడ, నేల రెండు: మొత్తం ఆరు రూపాలు. ఒక్కోటీ ఎనిమిది దిక్కులకు తిరుగుతుంది, ఎడమ చేతికి అద్దంలో బొమ్మలా ఇంకో ఎనిమిది. ఆరు పదహార్లు 96. ఒక్క చేతి ఆకారానికి 96 రూపాలా అని గుండె జారిపోతుంది గానీ ఇది మన గుణింతం లాంటిదే. ‘క’ గుణింతం వచ్చినవాడు ‘గ’ గుణింతాన్ని మళ్లీ కంఠస్థం పట్టడు.

అభ్యాసం ఇలా చేయండి. పిడికిలి, చూపుడువేలు, చాచిన చేయి, ఈ మూడింటినీ ఆరేసి రూపాల్లో రాయండి. పద్దెనిమిది బొమ్మలు, ఒక పేజీ. ముందు చేయి పెట్టి చూసుకుని ఆ తర్వాతే పెన్సిల్ పట్టాలి. మూడు రోజులు, రోజుకు ఇరవై నిమిషాలు. నాలుగో రోజు తిరగేయండి: పేజీ మీద ఏదో ఒక బొమ్మపై వేలు పెట్టి, చేతిని అలా పెట్టండి. పద్దెనిమిదిలో పదహారు తడుముకోకుండా వస్తే ముందుకు వెళ్లొచ్చు. రాకపోతే ఇక్కడే ఇంకో రెండు రోజులు ఉండటం మంచిది, ఎందుకంటే కదలిక చూపే బాణాలు వచ్చాక ఈ తప్పును వెతికి పట్టుకోవడం కష్టం.

‘నమస్తే’ రాసి చూద్దాం

చేతులు జోడించండి. వేళ్లు పైకి, అరచేతులు ఒకదానికొకటి ఎదురుగా, ఛాతీ ముందు. ఇప్పుడు మీ చేతులను మీరే చూడండి. కనిపించేవి బొటనవేళ్ల వైపు అంచులు. అంటే రెండు చేతులూ సగం తెలుపు, సగం నలుపు.

కుడి చేతి పలకను కుడివైపు గీయండి, కొన పైకి. దాని అరచేయి ఎడమకు చూస్తోంది కాబట్టి ఎడమ సగం తెలుపు. ఎడమ చేతి పలక ఎడమవైపు. దానికి కుడి సగం తెలుపు. రెండు తెల్ల సగాలూ లోపలివైపు ఎదురెదురుగా ఉన్నాయా? ఉంటే సరిగ్గా రాశారు. నలుపులు ఎదురెదురుగా వస్తే చేతుల వెనకభాగాలు ఆనించిన సైగ అయింది. చేతులు నిలబడి ఉన్నాయి గనుక కణుపు దగ్గర ఖాళీ వద్దు. తగిలాయి కాబట్టి రెండు పలకలకు దగ్గర్లో ఒక నక్షత్రం గుర్తు. అంతే. చేతులను దగ్గరకు తెచ్చే బాణాలు వేయకండి. నక్షత్రం ఉంటే తగలడానికి దగ్గరకు వచ్చాయనే అర్థం. కొత్తవారు ఈ అనవసరపు బాణాలతో పేజీని ముళ్లకంపలా చేస్తారు.

తగలడం, కదలడం

తగలడానికి ఆరు గుర్తులు. తాకితే నక్షత్రం. పట్టుకుంటే కూడిక గుర్తు. గట్టిగా కొడితే రెండు నిలువు, రెండు అడ్డ గీతల జల్లెడ గుర్తు. రాసుకుంటూ వెళ్లి విడిపోతే మధ్యలో చుక్క ఉన్న వృత్తం. విడిపోకుండా రుద్దితే చుట్టలు తిరిగిన గీత. వేళ్ల మధ్యలోకి దూరితే గుర్తుకు రెండువైపులా నిలువు గీతలు. రెండుసార్లు తాకితే రెండు నక్షత్రాలు వేయాలి. గుర్తును చేతి మీద కాకుండా తగిలినచోటికి పక్కన పెట్టండి; మీద పెడితే తెలుపు నలుపుల తేడా కనబడదు.

బాణాల్లో ఒకే ఒక్క పెద్ద నియమం: రెండు గీతల కాడ ఉంటే గోడ, ఒక్క గీత కాడ ఉంటే నేల. పైకి కిందికి కదిలితే రెండు గీతల బాణం, ముందుకు వెనక్కు కదిలితే ఒంటి గీత బాణం. కాగితం మీద పైకి చూసే ఒంటి గీత బాణం అంటే చేయి ముందుకు వెళ్లిందని. తొలి రెండు వారాల్లో జరిగే తప్పుల్లో ఎక్కువ ఇదే. పక్కకు జరిగే కదలిక గోడ తలంలోనూ ఉంటుంది, నేల తలంలోనూ ఉంటుంది. చేతి గుర్తు ఏ తలంలో ఉందో బాణం కూడా అదే తలంలో ఉంటే చదివేవారికి హాయి.

బాణం మొన నల్లగా ఉంటే కుడి చేయి, తెల్లగా ఉంటే ఎడమ. రెండు చేతులూ జతగా ఒకే దారిన వెళ్తే నింపని విప్పారిన మొన. వేళ్ల కదలికకు చిన్న గుర్తులు: నడిమి కణుపు ముడుచుకుంటే నల్ల చుక్క, విప్పుకుంటే బోలు చుక్క, మొదటి కణుపు వంగితే కిందికి చూసే చిన్న మొన, లేస్తే పైకి చూసే మొన.

చోటు ఎంత ముఖ్యమో తెలియాలంటే అమెరికన్ సంజ్ఞా భాషలోని పాత ఉదాహరణ ఒకటి చాలు. చూపుడువేలు చాచి, ముఖం ముందు నుంచి పక్కకు లాగుతూ కొక్కెంలా ముడవాలి. నుదుటి దగ్గర చేస్తే వేసవి, ముక్కు దగ్గర చేస్తే అందవికారం, గడ్డం దగ్గర చేస్తే పొడి. చేయి అదే, బాణం అదే, నల్ల చుక్క అదే. తలకు వేసిన వృత్తం పక్కన చేతిని ఏ ఎత్తులో పెట్టారన్నదే మాట. మూడింటినీ పక్కపక్కన రాయండి. మీ గుర్తులు ఎంత ఎత్తు తేడాతో చదవడానికి వీలవుతాయో తెలుస్తుంది. తల వృత్తం మూడు గళ్లకంటే చిన్నదైతే నుదురు, ముక్కు, గడ్డం ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

ముఖం

తెలుగులో ‘వస్తావు’కూ ‘వస్తావా’కూ తేడా చివర ఒక్క దీర్ఘం. సైగల్లో అవును, కాదు అని జవాబు వచ్చే ప్రశ్నకు ఆ దీర్ఘం కనుబొమల్లో ఉంటుంది. చేతులు మాత్రమే రాసి కనుబొమలు వదిలేస్తే ప్రశ్న కాస్తా మామూలు వాక్యమైపోతుంది. తల వృత్తంలో కనుబొమల గీతలను ఎత్తి రాయండి. భారతీయ సంజ్ఞా భాషలో కాదనే సైగ సాధారణంగా వాక్యం చివర వస్తుంది, తల అడ్డంగా ఊపడం దానితో కలిసి ఉంటుంది; ఆ ఊపుకు తల గుర్తు పైన పక్కలకు బాణాలు.

అలాగని ప్రతి సైగకూ పూర్తి ముఖం గీయకండి. ముఖం అర్థాన్ని మార్చినప్పుడే రాయాలి. తాకే చోటు చెప్పడానికైతే ఖాళీ వృత్తం చాలు.

వాక్యంగా పేర్చడం

సైగలను పైనుంచి కిందికి నిలువు వరుసలో రాస్తారు. వరుస నిండాక కుడి పక్కన కొత్త వరుస. తల మధ్యరేఖ మీద ఉంటుంది. కథలో ఇద్దరి మాటలు చెప్తూ ఒళ్లు ఎడమకో కుడికో తిప్పితే ఆ సైగను మధ్యరేఖకు అటో ఇటో జరుపుతారు. వాక్యం చివర వరుసకు అడ్డంగా మందపాటి గీత. గళ్ల పుస్తకంలో మధ్యరేఖను ముందే స్కేలుతో సన్నగా గీసుకోండి, లేకపోతే పది సైగలయ్యేసరికి వరుస మెల్లగా పక్కకు జారిపోతుంది.

పాత పుస్తకాలు దొరికితే జాగ్రత్త. 1984కు ముందు సైన్‌రైటింగ్‌ను చూసేవారి వైపు నుంచి రాసేవారు. ఆ తర్వాతే సైగ చేసేవారి వైపుకు మారింది. నిలువు వరుసలు ఇంకా ఆలస్యంగా వచ్చాయి. అడ్డంగా రాసిన పాత పాఠంలో కుడి ఎడమలు తారుమారుగా కనిపిస్తే తప్పు మీది కాకపోవచ్చు.

తిరిగి చదివించడం

వారానికి పది సైగలు రాయండి. భారతీయ సంజ్ఞా భాష పరిశోధన, శిక్షణ కేంద్రం 2021లో విడుదల చేసిన నిఘంటువు మూడో కూర్పులో 10,000 మాటలకు వీడియోలున్నాయి. ఎంచుకోవడానికి కొదవ లేదు. రాశాక పుస్తకం మూసి రెండు రోజులు వదిలేయండి. మూడో రోజు వీడియో చూడకుండా కాగితం చూసి సైగ చేసి, దాన్ని వీడియోతో పోల్చుకోండి. తర్వాత ఆ సైగలు తెలియని, గుర్తులు తెలిసిన ఇంకొకరి చేత చదివించండి. తప్పులను ఐదు గళ్లలో టిక్కులుగా లెక్కపెట్టండి: ఆకారం, అరచేయి, చోటు, కదలిక, ముఖం. రెండు వారాలు తిరిగేసరికి ఏ గడి నిండుతోందో కనబడుతుంది, మూడో వారం ఆ ఒక్కదాని మీదే పనిచేయండి.

గుర్తులు సరిగ్గా ఉండటం వేరు, సైగ సరిగ్గా ఉండటం వేరు. రెండోది తేల్చేది చిన్నప్పటి నుంచి ఆ భాషలో మాట్లాడే బధిరులే. వారు పెదవి విరిస్తే మీ కాగితం ఎంత నీటుగా ఉన్నా మార్చాల్సిందే. ఊరిని బట్టి సైగ మారుతుంది కాబట్టి ప్రతి సైగ కింద ఎవరి ఊరి సైగో, ఏ తేదీన రాశారో ఒక ముక్క వేయండి. ‘ఇది తప్పు’, ‘అది ఒప్పు’ అనే వాదనలు సగం దాంతోనే తగ్గుతాయి.

కంప్యూటర్లో

సైన్‌పడిల్ వెబ్‌సైటులోని సైన్‌మేకర్‌లో గుర్తులను ఎంచుకుని పెట్టెలోకి లాగి, తిప్పి, అద్దం వేసి సైగను కూర్చవచ్చు. కంప్యూటర్లో లిపులకు సంకేతాలిచ్చే యూనికోడ్‌లో 2015లో సైన్‌రైటింగ్‌కు 672 సంకేతాలు చేరాయి: మూల గుర్తు, దాని తర్వాత నింపుడు (ఆరు రూపాల్లో ఏది), దాని తర్వాత తిప్పుడు (ఏ దిక్కు). ఇక్కడొక చిక్కుంది. ఏ గుర్తు ఎక్కడ ఉండాలో ఆ సంకేతాలు చెప్పవు. చోటు కూడా నిలవాలంటే ఫార్మల్ సైన్‌రైటింగ్ అనే పద్ధతిలో గుర్తుతోపాటు అడ్డం, నిలువు కొలతలు రాస్తారు. పెట్టె నడిబొడ్డు 500, 500. నోటో సాన్స్ సైన్‌రైటింగ్ లాంటి ఫాంటు లేని ఫోన్లో అన్నీ ఖాళీ డబ్బాలే కనిపిస్తాయి. అందుకే వాట్సాప్‌లో పంపేటప్పుడు బొమ్మగా పంపండి, అసలు ఫైలు మీ దగ్గర ఉంచుకోండి.

హామ్‌నోసిస్‌కు మారేవారికి ఒక్క మాట. అక్కడ బొమ్మ ఉండదు, వరుస క్రమమే అంతా: చేతి ఆకారం, వేళ్లు చూపే దిక్కు, అరచేయి దిక్కు, చోటు, కదలిక. ‘నమస్తే’లా రెండు చేతులూ ఒకేలా ఉంటే మొదట జంట గుర్తు పెట్టి ఒక్క చేతినే రాస్తారు. ఈ వరుస తప్పితే మనిషి ఎలాగో ఊహించి చదువుతాడు గానీ సైగలు చేసే కంప్యూటర్ బొమ్మ కదలకుండా నిలబడిపోతుంది.

సైగలు వంద దాటాక నోటుపుస్తకం చాలదు. ఒక్కో సైగను ఒక్కో కార్డు మీదకు ఎక్కించి డబ్బాలో పెట్టండి. కార్డులను తెలుగు అకారాది క్రమంలో మాత్రం సర్దకండి. ఎక్కడో ఒక సైగ చూసి అర్థం తెలియక వచ్చినవారికి ఆ మాట ఏ అక్షరంతో మొదలవుతుందో ఎలా తెలుస్తుంది? వారికి తెలిసింది చేతి ఆకారం. ముందు ఆకారాన్ని బట్టి, ఆ లోపల చోటును బట్టి, తలనుంచి కిందికి సర్దండి. డబ్బా చివర తెలుగు మాటల పట్టీ ఒకటి విడిగా ఉంచి, ప్రతి మాట పక్కన కార్డు నంబరు వేయండి.